క్యూ ప్రోగ్రాంకి గురుపరంపర

మా ప్రొఫెసర్ పరంధామయ్య గారు మంచు కురిసే దేశానికెక్కడికో శిక్షణకి వెళ్ళి, వస్తూ వస్తూ మా కాలేజీకి రెండు వస్తువులు తెచ్చారు. ఒకటి ఉన్ని టోపీ. రెండోది పదిహేడు పేజీల కోర్సు పాలసీ. టోపీ తిరుపతి ఎండలకి పనికిరాదని విమానాశ్రయం బయటికి రాగానే ఆయనకి తెలిసిపోయింది. పాలసీ సంగతి తెలియడానికి ఒక సెమిస్టరు పట్టింది.

నేను ఆ ప్రోగ్రామింగ్ కోర్సు చెప్పే లెక్చరర్ని. పేరు రూపశ్రీ. కాంట్రాక్టు ఉద్యోగం. అంటే పాఠం చెప్పేది నేను, ల్యాబులో నిలబడేది నేను, పేపర్లు దిద్దేది నేను, కోర్సు మాత్రం పరంధామయ్య గారిది. రోజూ పొద్దున చిత్తూరులో బస్సెక్కి చంద్రగిరి దగ్గర కాలేజీ గేటు ముందు దిగుతాను. సాయంత్రం మళ్ళీ అదే బస్సు. ఇంట్లో నేనూ మా అమ్మా. నా జీతం ఆగితే ఇల్లు ఆగుతుంది, అంతకంటే వివరంగా చెప్పాల్సింది ఏమీ లేదు.

పాలసీలో మార్కులు ఎలా వేస్తారో, క్లాసులో ఎలా మెలగాలో, కాపీ కొడితే ఏమవుతుందో అన్నీ ఉన్నాయి. పరంధామయ్య గారు మొదటి పేజీలో ఆ విదేశీ యూనివర్సిటీ పేరు తీసేసి మా కాలేజీ పేరు పెట్టారు. అక్కడితో అలసిపోయినట్టున్నారు. నాలుగో పేజీలో, మంచు తుఫాను వచ్చిన రోజు క్లాసులు వాటంతటవే రద్దవుతాయని అలాగే ఉండిపోయింది. ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం వెనక బెంచీలోంచి మునిప్రసాద్ లేచాడు. బంగారుపాళెం పిల్లాడు, చదువు తప్ప అన్నీ వచ్చు.

“మేడమ్, ఈ వడగాలి మంచు తుఫాను కిందికి వస్తాదా రాదా?”

“రాదు. కూర్చో.”

“రెండూ బయటికి పోనియ్యవు కదా మేడమ్.”

సెమిస్టరు మొదలైన రోజే ఆ పాలసీ చదివి సంతకం పెట్టాలన్నారు. క్లాసు మొత్తం పది నిమిషాల్లో సంతకాలు పెట్టేసింది. పెళ్ళిలో చదివింపులు రాయించే బల్ల దగ్గర కూడా జనం ఇంతకంటే ఎక్కువసేపు నిలబడతారు. నేనూ పూర్తిగా చదవలేదు. పరంధామయ్య గారు చదివే ఉంటారని అందరం అనుకున్నాం.

తర్వాత ఆలస్యపు రోజుల గొడవ వచ్చింది. పాలసీ ప్రకారం ప్రతి విద్యార్థికీ సెమిస్టరుకి మూడు ఆలస్యపు రోజులు ఇస్తారు. ప్రోగ్రాం ఇవ్వాల్సిన గడువు దాటితే వాటిలోంచి ఒకటి వాడుకోవచ్చు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఆ దేశంలో ఇది సాఫీగానే నడుస్తుందేమో. మా ఊళ్ళో మాత్రం మూడు ఊరికే ఇస్తున్నారంటే, నాలుగోది ఎవరి ద్వారానో దొరుకుతుందని అర్థం. మునిప్రసాద్ తన మూడు రోజులూ మొదటి నెలలోనే ఊదేశాడు. ఆ మరుసటి వారం వాళ్ళ తాత కుప్పయ్య తెల్ల పంచె కట్టుకుని, కండువా సర్దుకుంటూ ల్యాబు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. చేతిలో ఎవరో ఎమ్మెల్యే గారి సిఫారసు లేఖ.

“మేడమ్మా, మావోనికి రెండు లేటు రోజులు ఇప్పించాల.”

లేఖ తీసుకుని చూశాను. అది కొండ మీద దర్శనం కోసం ఇచ్చే లేఖ. ‘ఆరుగురు సభ్యులు గల కుటుంబానికి’ అన్నచోట కొట్టేసి ‘ఒక ప్రోగ్రాంకి’ అని పెన్నుతో దిద్దారు.

“తాతా, ఈడ అట్ల కుదరదు.”

“కొండ మీదే కుదర్తాది గదమ్మా. కింద ఎందుకు కుదరదు?”

ఆయనకి మజ్జిగ ఇప్పించి పంపాను.

మూడో అసైన్‌మెంటు క్యూ మీద వచ్చింది. స్కీ లిఫ్టు దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళని, ముందు వచ్చినవాళ్ళని ముందు పైకి పంపుతూ, ఒక్కొక్కరు ఎంతసేపు ఆగారో లెక్కగట్టే ప్రోగ్రాం రాయాలి. స్కీ లిఫ్టంటే ఏమిటని పిల్లలు అడిగారు. నాకు మాత్రం ఏం తెలుసు? ఫోనులో బొమ్మ చూసి, మంచు కొండ పైకి మనుషుల్ని కుర్చీల్లో వేలాడదీసి తీసుకుపోయేది అని చెప్పాను.

“కొండ మీదికి పోయే క్యూనే కదా మేడమ్. అట్ల చెప్పొచ్చు కదా ముందే!” అని క్లాసంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. తిరుపతి పిల్లలు మరి. క్యూ గురించి వాళ్ళకి నేను చెప్పేదేముంది?

ప్రోగ్రాములు వచ్చాయి. ఒకదాన్ని చూసి ఒకటి రాశారేమో పోల్చి చెప్పే సాఫ్ట్‌వేరు ఉంది. కొత్తది కాబట్టి దాన్ని పరంధామయ్య గారే సరదాపడి నడిపారు. నలభై మంది ప్రోగ్రాములు అచ్చుగుద్దినట్టు ఒక్కలాగే ఉన్నాయని అది చెప్పింది. నేను దిద్దాల్సిన ఆ నలభైనీ నా దాకా రానివ్వకుండా తన గదిలోనే పెట్టుకుని, నన్ను పిలిచారు.

“కాపీ కొట్టినోళ్ళూ, ఇచ్చినోళ్ళూ సమానమే అని మన పాలసీలో ఉండాది. కోర్సు ఫెయిలు చెయ్యాల,” అన్నారు.

“నలభై మందినా సార్?”

నలభై మందిని ఫెయిలు చేస్తే నలభై మంది తల్లిదండ్రులు వస్తారు. వాళ్ళ వెనక మేనేజ్‌మెంటు వస్తుంది. అది ఆయనకీ తెలుసు.

“నలభై మంది మీద సాక్ష్యం లేదు. యంత్రం చెప్పింది పర్సెంటేజీ మాత్రమే. ఒక్క పిల్ల మాత్రం తానే ఒప్పుకునింది. నారాయణి. ప్రోగ్రాం కింద రాసింది చూడండి, మునిప్రసాద్ దగ్గర నేర్చుకున్నాను అని. ఆ పిల్లని కమిటీ ముందుకి పిలుద్దాం. మిగతా వాళ్ళకి గట్టిగా వార్నింగ్ ఇద్దాం.”

నాకు ఒళ్ళు మండింది. “సార్, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కింద రాయమని చెప్పిందే మీ పాలసీ. రాయమన్నారని రాసింది. రాయనోళ్ళందరూ క్యాంటీన్లో బజ్జీలు తింటా ఉంటే రాసిన పిల్లని పట్టుకుంటారా?”

“నిజం చెప్పినోళ్ళనే కదమ్మా విచారించగలం. చెప్పనోళ్ళని ఏమని విచారిస్తాం?”

ఎంతో ఆలోచించిన మనిషిలా అన్నారు. తర్వాత తల పైకెత్తి ఫ్యాను వైపు చూస్తూ, “మీ కాంట్రాక్టు రెన్యువల్ ఫైలు ఈ నెలే కదా పైకి పోవాల్సింది?” అని అడిగారు. ఆయన బెదిరించేటప్పుడు మనిషి మొహం చూడరు, ఫ్యానుని చూస్తారు. నేను నోరు మూసుకుని బయటికి వచ్చాను. ఆ రోజు బస్సులో చిత్తూరు దాకా కోపంగానే కూర్చున్నాను. కోపం ఆయన మీద కొంత, మూసుకున్న నా నోటి మీద చాలా.

నారాయణి మొదటి బెంచీ పిల్ల. వాళ్ళ నాయన శ్రీమన్నారాయణ గారు గుడికి సంబంధించిన ఆఫీసులో ఉద్యోగి. వాళ్ళింట్లో మగవాళ్ళందరూ పొద్దున లేస్తే వేదమో ప్రబంధమో అప్పజెప్పేవాళ్ళే. ఆడపిల్లల్లో చదివి, ఉద్యోగానికి వెళ్ళబోయే మొదటిది నారాయణి. మరుసటి నెలలో కంపెనీల ఇంటర్వ్యూలు ఉన్నాయి. కోర్సు ఫెయిలైతే గుమ్మం లోపలికి రానివ్వరు. మళ్ళీ ఏడాది దాకా ఇంట్లో కూర్చోవాలి. ఒకసారి కూర్చున్న ఆడపిల్లని మళ్ళీ లేవనిస్తారో లేదో ఆ పిల్లకే నమ్మకం లేదు.

కమిటీ సంగతి చెప్పగానే మొహం పాలిపోయింది. చివరికి అడిగింది.

“పేరు రాయకుండా ఉండుంటే బాగుండేదా మేడమ్?”

ఏం చెప్పను? బాగుండేదే తల్లీ అని చెబితే నేను టీచర్ని కాను. రాయడమే మంచిదైంది అంటే అబద్ధం. “ఎందుకు రాసినావు మరి? ఎవరూ రాయలేదే!” అని ఎదురు ప్రశ్న వేశాను.

“ఇంట్లో అలవాటు మేడమ్. చెప్పినాయన పేరు చెప్పకుండా పుస్తకం తెరవనియ్యరు. పేరు రాయకుండా ప్రోగ్రాం ఇచ్చేదానికి నాకు చేతులు రాలేదు.”

కమిటీ సోమవారం పరంధామయ్య గారి గదిలో కూర్చుంది. నేను వెళ్ళేసరికి వరండాలో శ్రీమన్నారాయణ గారు బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. నుదుట నామం, చంకలో గొడుగు. పక్కన నారాయణి. నాకు ఆశ కలిగింది. పెద్దమనిషి, నాలుగు మెత్తటి మాటలు చెబితే పరంధామయ్య గారు కరగొచ్చు.

“మీరు లోపలికి వచ్చి పాప తరపున ఒక మాట చెప్పండి స్వామీ,” అన్నాను.

“ఏం చెప్పాలమ్మా? అది నేర్చుకుంది. ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పింది. అక్కడితో ఆపడం నాకు నచ్చలేదు. మేము గురుపరంపర చెప్పేటప్పుడు మా గురువు, ఆయన గురువు, ఆ పైన ఆయన గురువు, అట్లా పైపైకి పోయి పెరుమాళ్ళ దగ్గర గానీ ఆగం. నడుమ ఆపితే దోషం. ఆ మునిప్రసాద్‌కి ఎవరు చెప్పినారో కనుక్కోమన్నాను. నిన్న గూడూరు దాకా పోయి వచ్చింది.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కూతురి ఏడాది పోతుంటే ఈయన పారాయణం చేయిస్తున్నారు.

కమిటీలో ముగ్గురం. పరంధామయ్య గారు ఫిర్యాదు చేసింది తానే, తీర్పు చెప్పేదీ తానే. పరిపాలనాధికారి భానుచందర్ గారు రెండో మనిషి. ఆయన మండలాఫీసులో రిటైరై మా దగ్గర చేరారు. ఏ కాగితం ఇచ్చినా పై అంచు నుంచి కింది అంచు దాకా పెదాలు కదుపుతూ చదివితే గానీ సంతకం పెట్టరు. అందుకే కాలేజీలో ఎవరూ ఆయన దగ్గరికి కాగితాలు తీసుకెళ్ళరు. ఆ రోజు ఎవరో ఆయన చేతికి పదిహేడు పేజీల పాలసీ ఇచ్చారు. ఆయన చదవడం మొదలుపెట్టారు. మూడోదాన్ని నేను. విచారణలో ఏం జరిగిందో రాసుకోవడం నా పని.

నారాయణి ప్రోగ్రాం అచ్చుతీసి నా ముందు పెట్టారు. అప్పుడే మొదటిసారి చూశాను. సగం పేజీ చదివేసరికి చెవులు వేడెక్కాయి.

అందులో మనుషులు ఎంతసేపు ఆగారో లెక్కపెట్టే అంకెకి పెట్టిన పేరు ‘సుబ్బులమ్మ’.

సుబ్బులమ్మ మా అమ్మ.

రెండేళ్ళ కిందట పరంధామయ్య గారు ఒక సెమినారులో పుణ్యక్షేత్రాల క్యూల గురించి మాట్లాడాల్సి వచ్చింది. మాట ఆయనది, చూపించడానికి ప్రోగ్రాం కావాలి. రాయమని నాకు చెప్పారు. ఆ వారమే మా అమ్మని కొండకి తీసుకెళ్ళాను. మోకాళ్ళ నొప్పులతో ఆమె దర్శనం క్యూ కంపార్ట్‌మెంటులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంది. కటకటాల అవతల నుంచి లేఖలు పట్టుకున్నవాళ్ళు నవ్వుకుంటూ పోతూనే ఉన్నారు. ఆ మంట చల్లారకముందే ప్రోగ్రాం రాశాను. లేఖ ఉన్నవాడు వస్తే వరసకి ముందు నిలబెట్టి, మిగతావాళ్ళందరినీ ఆపేసే షరతు ఒకటి పెట్టాను. ఆగిన టైముకి మా అమ్మ పేరు పెట్టాను. పరంధామయ్య గారు చదివి తిడతారనుకున్నాను. ఆయన చదవలేదు. పైన తన పేరు పెట్టుకుని సెమినారులో చూపించారు. వాస్తవానికి ఎంత దగ్గరగా ఉందో అని అందరూ చప్పట్లు కొట్టారట. ఆ ప్రశంసాపత్రం చట్రం కట్టించుకుని ఆయన కుర్చీ వెనకే గోడకి తగిలించుకున్నారు. నేను రోజూ ఆ గదిలో నిలబడి దాన్ని చూస్తూ మాట్లాడేదాన్ని.

ఇప్పుడు నలభై మంది పిల్లలు స్కీ లిఫ్టు దగ్గర లేఖ ఉన్నవాళ్ళని ముందు పంపుతున్నారు. నలభై ప్రోగ్రాముల్లోనూ సుబ్బులమ్మ కూర్చుని ఎదురుచూస్తోంది. ఒక్కరైనా ఆ పేరు మార్చలేదు.

నాకు భయం వేసింది. ఇచ్చినవాళ్ళూ దోషులే అని పాలసీ. నా ఫైలు పరంధామయ్య గారి బల్ల మీద నీలం తాడుతో కట్టి, కళ్ళెదురుగా ఉంది.

“నువ్వు ఈ ప్రోగ్రాం సొంతంగా రాసినావా?” పరంధామయ్య గారు మొదలుపెట్టారు.

“లేదు సార్. మునిప్రసాద్‌ది చూసి నేర్చుకుని రాసినాను. ఒక్కటి తప్ప అన్నీ అర్థమైనాయి.”

“ఇంకేముంది, ఒప్పుకునింది. రాసుకోండి రూపశ్రీ గారూ.”

“ఇంకా ఉండాది సార్,” అంది నారాయణి. చేతులు జోడించింది. “మునిప్రసాద్‌కి చెప్పింది లోహిత అక్క, మా సీనియరు. లోహిత అక్కకి చెప్పింది ధర్మేంద్ర అన్న. ఇప్పుడు గూడూరు మార్కెట్లో వాళ్ళ నాయనతో నిమ్మకాయల వ్యాపారం చేస్తా ఉండాడు. పోయి అడిగినాను. బస్తాల మీద కూర్చుని అంతా చెప్పినాడు. ఆయనకి పెన్‌డ్రైవులో ఇచ్చి, చదువుకోమని చెప్పింది…” అని ఆగి, మరింత వినయంగా తల వంచింది. “మీరే సార్.”

భానుచందర్ గారు పాలసీ మీంచి తల ఎత్తారు.

పరంధామయ్య గారు మొదట పొంగిపోయారు, అది చూడాల్సిందే. “అవును, అది నా సెమినారు ప్రోగ్రాం. నేను డెవలప్ చేసింది,” అని వెనక గోడ వైపు చెయ్యి చూపించారు.

“మీ పైన ఎవరు సార్?” అంది నారాయణి.

“అంటే?”

“మీ గురువు. ఈ ప్రోగ్రాములో సుబ్బులమ్మ అని ఒక పేరు ఉండాది. ఆమె ఎవరని అందరినీ అడిగినాను. అదేదో టెక్నికల్ పదం అని మునిప్రసాద్ చెప్పినాడు. దేవత పేరు, మారిస్తే ప్రోగ్రాం నడవదు అని లోహిత అక్క చెప్పింది. ధర్మేంద్ర అన్న సార్‌నే అడుగు అన్నాడు. ఆమెనే మొదటి గురువేమో అనుకున్నాను. ఎవరు సార్ ఆమె? తెలిస్తే వరస పూర్తయిపోతాది.”

ఆ పిల్ల ఆయన్ని ఇరికించాలని అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అందుకే ఆయనకి కోపం తెచ్చుకోవడానికి కూడా సందు దొరకలేదు.

“సుబ్బులమ్మ అనేది…” ఆయన ఫ్యానుని చూశారు. “అది ఒక అల్గారిథం పేరు.”

“యాడిది సార్ ఆ అల్గారిథం? రాసుకోవాల కదా,” అన్నారు భానుచందర్ గారు పెన్ను తీస్తూ.

“దక్షిణాదిది.”

నాకు లోపల నవ్వు తన్నుకొచ్చింది. అదే సమయంలో కళ్ళు కూడా మండాయి. మా అమ్మ మోకాళ్ళకి నూనె రాసుకుంటూ కంపార్ట్‌మెంటులో కూర్చున్న రోజుని ఈయన అల్గారిథం చేసేశారు.

భానుచందర్ గారు పాలసీలో వేలు పెట్టుకుని ఉన్నారు. “సార్, నేను పదకొండో పేజీలో ఉండాను. ఈడ ఏముండాదంటే, ఎవరి దగ్గర నేర్చుకున్నారో పేరు రాసినోళ్ళది కాపీ కిందికి రాదు. మార్కులు సగం ఇయ్యాల, అంతే. పేరు రాయకుండా వాడుకున్నోళ్ళది మాత్రమే కాపీ. ఈ పాప పేరు రాసింది. అంటే ఈ పాప తప్ప మిగతా వాళ్ళందరూ దోషులు. మనం తప్పు మనిషిని పిలిచినాం.”

పరంధామయ్య గారి మొహంలో రంగు మారింది. తాను తెచ్చిన పాలసీని ఆయన మొదటిసారి వింటున్నారు.

“కింద ఇంకో ముక్క ఉండాది,” భానుచందర్ గారు పేజీ దగ్గరికి జరుపుకున్నారు. “మూలం గురించి అబద్ధం చెప్తే మాత్రం మాఫీ లేదు. వెంటనే కోర్సు ఫెయిల్.”

పరంధామయ్య గారు ఆ ముక్కని గబుక్కున పట్టుకున్నారు. “అదీ! ఈ పిల్ల అబద్ధం చెప్తా ఉండాది. నేను ఎవరికీ పెన్‌డ్రైవు ఇయ్యలేదు. సుబ్బులమ్మ అనే మనిషి ఎవరో నాకు తెలీదు. నా పేరు ఊరికే లాగింది. మూలం అబద్ధం. ఫెయిల్ అని రాయండి రూపశ్రీ గారూ.”

“నేను అబద్ధం చెప్పలేదు సార్!” నారాయణి గొంతు పెంచింది. జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. “అడిగి తెలుసుకున్నదే చెప్పినాను సార్. గూడూరు దాకా పోయినాను సార్!”

“రాయండి,” అన్నారాయన నా వైపు చూడకుండా. చెయ్యి మాత్రం నీలం తాడు కట్టిన ఫైలు మీద పెట్టారు.

పెన్ను నా చేతిలో ఉంది. ఫెయిల్ అన్న మాట రాయడానికి రెండు క్షణాలు చాలు. రాసేసి సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోతే, ఎల్లుండికి నా ఫైలు పైకి పోతుంది. మా అమ్మకి మందులు, ఇంటి అద్దె, అన్నీ ఎప్పటిలాగే జరిగిపోతాయి. ఈ పిల్ల ఏడాదిపాటు వాళ్ళింట్లో కూర్చుంటుంది. రాయమన్నది రాసినందుకు ఒకసారి, అడిగింది చెప్పినందుకు ఇంకోసారి శిక్ష పడినట్టు ఆ ఇంట్లో అందరికీ తెలుస్తుంది. నాకు సిగ్గేసింది. నిజంగా ఒళ్ళంతా సిగ్గేసింది.

“సుబ్బులమ్మ మా అమ్మ,” అన్నాను.

భానుచందర్ గారు ముందు నన్ను, తర్వాత ప్రోగ్రాముని, తర్వాత మళ్ళీ నన్ను చూశారు.

“ఈ ప్రోగ్రాం రాసింది నేను. రెండేళ్ళ ముందు సార్ సెమినారుకి రాసిచ్చినాను. లేఖ ఉన్నోళ్ళని ముందు పంపే షరతు కూడా నేను పెట్టిందే. యాడాడ ఏముండాదో చూడకుండా చెప్తాను, అడగండి. ఈ పాప చెప్పింది అక్షరాలా నిజం. సార్ పైన ఉండేది నేను.”

“రూపశ్రీ గారూ, ఆలోచించుకుని మాట్లాడండి,” అన్నారు పరంధామయ్య గారు. ఆయన ఫ్యానుని చూడలేదు, మొదటిసారి నా మొహంలోకి చూశారు. “ఇచ్చినోళ్ళూ దోషులే అని పాలసీలో ఉండాది, మర్చిపోవద్దు.”

“మర్చిపోలేదు సార్. మీరూ ఇచ్చినారు, నేనూ ఇచ్చినాను.”

భానుచందర్ గారు దగ్గారు. ఆయనకి ఎవరి మీదా కోపం లేదు, కాగితం నింపాలి అంతే. “సార్, నాకు ఒక్క సంగతి తేల్చండి. ఈ విచారణ ఫారంలో రెండు గళ్ళు ఉండాయి. ప్రోగ్రాం మీదే అంటే, ఇచ్చినోళ్ళ గడిలో మీ పేరు రాస్తాం. మీది కాదంటే, పేరు చెప్పకుండా వాడుకున్నోళ్ళ గడిలో రాయాల. సెమినారులో వాడినారు కదా. ఏ గడిలో రాయమంటారో మీరే చెప్పండి.”

పరంధామయ్య గారు గోడ మీది ప్రశంసాపత్రాన్నీ, పాలసీనీ, నన్నూ మార్చి మార్చి చూశారు. సెమినారు మా కాలేజీలో జరిగింది కాదు, దానికి మా పాలసీ వర్తించదు, ఈ సంగతి ఆయనకి తట్టడానికి కొంచెంసేపు పట్టింది. తట్టగానే వదిలించుకున్నారు.

“నాది కాదు. ఆ ప్రోగ్రాం మొదటి అక్షరం నుంచి చివరి దాకా రూపశ్రీ గారిదే. నాకేం సంబంధం లేదు. రాసుకోండి అట్లనే. ఇచ్చిన దోషం కూడా ఆమెదే.”

అని, నీలం తాడు కట్టిన నా ఫైలుని బల్ల సొరుగులోకి తోసి తాళం వేశారు. ఆ తాళం ఇక తెరుచుకోదని అక్కడున్న నలుగురికీ తెలుసు.

భానుచందర్ గారు చెబుతుంటే నేను రాశాను. నారాయణి: పేరు సరిగ్గా చెప్పినందున దోషం లేదు, మార్కులు సగం, కోర్సు పాసు, ఇంటర్వ్యూలకి అర్హురాలు. ఆ ముక్క రాసేటప్పుడు నారాయణి నా చేతినే చూస్తూ నిలబడింది. రాయడం అయ్యాక కన్నీళ్ళు తుడుచుకోకుండానే, నా వైపు తిరిగి వంగి నమస్కారం పెట్టింది. వద్దు లెమ్మన్నాను.

“కింది గడి మిగిలింది మేడమ్,” అన్నారు భానుచందర్ గారు. “ప్రోగ్రాం రాసి ఇచ్చినోళ్ళు.”

రెండేళ్ళ తర్వాత నా ప్రోగ్రాం పక్కన నా పేరు రాయమని అడిగారు. అడిగింది దోషుల గడిలో. అయినా సరే, కుదురుగా, గుండ్రటి అక్షరాలతో, ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసుకున్నాను.